డిష్‌ని చేత్తో దించిన రోజు

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి తడి లేని గాలి ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. మద్దిలపాలెంలో మా వంటింట్లో ఉప్పు డబ్బాకి మూత పెట్టడం మరిచిపోతే సాయంత్రానికి ముద్దయిపోతుంది. వానాకాలంలో ఉతికిన చీర మర్నాటికి కూడా ఆరదు. నేను ఉద్యోగం చేసిన చోట తడి తువ్వాలు తాడు మీద వేస్తే ముందు అప్పడంలా బిగుసుకుపోయేది. ఆ తర్వాత ఒక్క చుక్కయినా కారకుండా పొడిగా అయిపోయేది. వెళ్లిన కొత్తలో పెదాలు పగిలి, ముక్కులోంచి రక్తం వచ్చి, ఈ దిక్కుమాలిన చోటికి ఎందుకొచ్చానురా భగవంతుడా అనుకున్నాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుని, మెడ వెనక చెమట తుడుచుకుంటూ తలుచుకునేది మాత్రం ఆ గాలినే.

మా వీధిలో చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "ఆంటీ, టెలిస్కోప్‌లోంచి ఏం చూశారు?" అని అడుగుతుంటారు. నేనేమీ చూడలేదు. మాది రేడియో టెలిస్కోపు. దానికి కన్ను పెట్టి చూసే చోటే ఉండదు. లడఖ్‌లో, చెట్టూ పుట్టా లేని ఒక ఎత్తయిన మైదానం మీద, తెల్లటి పెద్ద డిష్ ఒకటి ఆకాశం వైపు తిరిగి ఉంటుంది, అంతే. నక్షత్రాల మధ్యనున్న చల్లటి వాయు మేఘాల నుంచి సన్నటి రేడియో తరంగాలు వస్తుంటాయి. మన గాలిలోని నీటి ఆవిరి వాటిని దారిలోనే మింగేస్తుంది. అందుకని గాలి పల్చగా, పొడిగా ఉండే ఎత్తుకి పోయి డిష్ పెట్టుకోవాలి. అదే డిష్ విశాఖలో పెడితే వాన నీళ్లు పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ డిష్ పట్టిన తరంగాలన్నీ ఒక చిన్న పెట్టెలోకి వెళ్తాయి. దాన్ని రిసీవర్ అంటాం. అది వెచ్చగా ఉంటే దాని సొంత రొదలో ఆకాశం మాట వినబడదు. కాబట్టి దాన్ని హీలియంతో చల్లబరచాలి. ఎంత చల్లగా అంటే, ఆ పెట్టె ముందు లడఖ్ చలికాలం కూడా మండుటెండే. దాన్ని చల్లగా ఉంచడం నా ఉద్యోగం.

నాది రిఫ్రిజిరేషన్ డిప్లొమా. మావాళ్లు ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునేవాళ్లు. చదువయ్యాక ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు గడ్డకట్టించే ప్లాంటులో చేరాను. అక్కడుండగా పేపర్లో ప్రకటన చూసి అప్లై చేశాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, "అంత చలి ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. "చూడలేదండీ, రొయ్యలకి చూపించాను" అన్నాను. అందరూ నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసేవారు. నేను భయపడుతూ చెబితే ఆయన మజ్జిగ తాగుతూ విని, "యేడి నా డిపార్ట్‌మెంటు, సలి నీది. ఎల్లిరా" అన్నారు. అలా మొదలైంది. కొన్ని వారాలు అక్కడ, కొన్ని వారాలు ఇక్కడ. ఇక్కడున్నన్నాళ్లూ కొండ గుర్తొచ్చేది. అక్కడున్నన్నాళ్లూ ఇల్లు గుర్తొచ్చేది.

అబ్జర్వేటరీ అంటే శాస్త్రవేత్తలు రాత్రంతా మేల్కొని ఉండే చోటని చాలామంది అనుకుంటారు. మా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఎక్కడో నగరాల్లో కంప్యూటర్ల ముందుండేవారు. రేడియోకి పగలూ రాత్రీ తేడా లేదు. కొండ మీద ఉండేది మేము కొద్దిమందిమి. డిష్ పైన, మా క్యాంపు కింద లోయలో. పైన ఎవరూ పడుకోకూడదు. పొద్దున్నే క్యాంపులో మా నర్సు అందరి వేళ్లకీ క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేది. ఆవిడ ఆ ఊరి మనిషే. ఆ ఊరి మాటలో అక్కని అచే అంటారు. మేమంతా ఆవిడని అచే అనేవాళ్లం, స్టేషన్ హెడ్‌తో సహా. అచే తల అడ్డంగా ఊపితే ఎంత పెద్ద ఇంజనీరైనా ఆ రోజు కిందే ఉండిపోయి కూరగాయలు తరగాల్సిందే.

స్టేషన్ హెడ్ మహారాష్ట్ర మనిషి. రేడియో ఖగోళంలో పెద్ద చదువు చదివినవాడు. మాట మెత్తన. టీ మాత్రం ఎవరినీ పెట్టనిచ్చేవాడు కాదు. అంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, టీకి రంగు రాదు. ఆయన దానితో రోజూ యుద్ధం చేసి ఓడిపోయేవాడు. ఆ గోరువెచ్చటి లేత నీళ్లని మేం మెచ్చుకుంటూ తాగేవాళ్లం.

ఇక నేను చెప్పదలుచుకున్న మనిషి మా ఫిట్టర్. అతను యారాడవాడు. తండ్రీ అన్నలూ సముద్రం మీద వేటకి వెళ్లేవాళ్లు. ఇతను మాత్రం ఇనప పని నేర్చుకుని పోర్టులో క్రేన్ల రిపేరు చేశాడు. డిష్ బిగించడానికి వచ్చిన కాంట్రాక్టరు మనుషుల్లో ఒకడిగా కొండెక్కి, పని అయిపోయాక అందరూ దిగిపోతే తను ఉండిపోయాడు. డిష్‌ని తిప్పే మోటార్లు, గేర్లు, బేరింగులు అతని చేతిలో ఉండేవి. నాకంటే కొంచెం చిన్న. నా మొదటిరోజు క్యాంపు మెస్సులో నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే విని, చేతిలో కంచంతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! మనోళ్లేటి నువ్వు?"

"ఆనందపురం."

"ఓలమ్మో! నాది యారాడ. ఇంతెత్తుకొచ్చి మన మాట ఇనబడిందంటే నమ్ముతావా?"

ఆ పరిగెత్తడానికి అతను బెంచీ మీద కూలబడి చాలాసేపు రొప్పాడు. అక్కడ పరిగెత్తకూడదని అతనికి తెలియక కాదు.

ఎండుచేపలు ఇంటినుంచి తెచ్చుకునేవాడు. అవి వేయిస్తే క్యాంపంతా వాసన. స్టేషన్ హెడ్ శాకాహారి. కిటికీ తీద్దామంటే బయట గడ్డకట్టే చలి. పాపం ఆయన ముక్కుకి మఫ్లర్ చుట్టుకుని, "మీ సముద్రం చాలా దూరం నుంచి వచ్చింది" అనేవాడు.

ఫిట్టరు ఆ కొండని ఎందుకంత ప్రేమించాడో నాకు మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు పైన పని ముగిశాక ఇద్దరం డిష్ కింద ఎండలో కూర్చున్నాం. ఎదురుగా ఎర్ర కొండలు, వాటి వెనక తెల్ల కొండలు, మనిషి అలికిడి లేదు. అతను అన్నాడు: "మా ఊళ్లో అందరూ నన్ను ఏటకి పనికిరానోడనీవోళ్లక్కా. నాకు పడవెక్కితే కడుపులో తిప్పీసీది. మా అయ్య సిగ్గుపడీవోడు. ఇక్కడికొచ్చీసరికి అందరికీ తల తిరిగి వాంతులవుతంటే నాకేటీ అవ్వలేదు. మొట్టమొదటిసారి నా ఒళ్లు నా మాట ఇన్నదక్కా."

అంతే చెప్పాడు. మళ్లీ లేచి బోల్టులు చూసుకోడానికి పోయాడు.

ఆ సంవత్సరం చలికాలం చాలా బాగా మొదలైంది. మాకు బాగా అంటే గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. ఒక పరిశోధక విద్యార్థిని, దూరపు నగరంలో ఉన్న అమ్మాయి, ఒక గెలాక్సీలోని చల్లటి వాయువు గురించి చదువుతోంది. ఆ అమ్మాయికి కావలసిన తరంగం అలాంటి చలికాలంలో తప్ప దొరకదు. అంతకు ముందు చలికాలం మబ్బులతో పోయింది. ఈసారి రిసీవర్ మంచి చలిలో నిలకడగా ఉంది. రోజూ ఫోన్ చేసి, "మేడమ్, మీ పెట్టె ఎలా ఉంది?" అని అడిగేది, ఇంట్లో జబ్బు మనిషి గురించి అడిగినట్టు.

నేను చెప్పబోయే రోజుకి ఫిట్టరు యారాడ నుంచి సెలవు ముగించుకుని వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. కొండకి అలవాటు పడినవాళ్లే సముద్రమట్టానికి దిగి మళ్లీ ఎక్కినప్పుడు ఒక్కోసారి దెబ్బ తింటారు. అచే పొద్దున క్లిప్పు పెట్టి చూసి, కాసేపు ఆలోచించి, "పైకి వెళ్లు, కానీ బరువు పని వద్దు. కూర్చుని చేసే పనే" అంది. అతను బుద్ధిగా తల ఊపాడు. అతనూ, నేనూ, స్టేషన్ హెడ్డూ, జీపు డ్రైవరూ పైకి వెళ్లాం.

మధ్యాహ్నానికి ముందు పైన ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోయింది. జనరేటర్ ఆగింది. రెండోది వెంటనే అందుకోవాలి, అందుకోలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, వేసవి డీజిల్ ట్యాంకు అడుగున మిగిలిపోయింది. దాని మీదే చలికాలం డీజిల్ పోశారు. ఆ చలికి అది మైనంలా గడ్డకట్టి పైపులో అడ్డుపడింది. రెండు జనరేటర్లకీ అదే ట్యాంకు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. మేం అందరం ఆ ట్యాంకు పక్కనుంచి రోజూ నడిచినవాళ్లమే.

బ్యాటరీల మీద కంప్యూటర్లు, వైర్‌లెస్ నడుస్తున్నాయి. డిష్‌ని తిప్పే పెద్ద మోటార్లకి ఆ బ్యాటరీలు చాలవు. కరెంటు పోగానే బ్రేకులు పడిపోయి డిష్ ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది. స్టేషన్ హెడ్ స్క్రీన్ వంక చూసి, తర్వాత బయటికి వెళ్లి ఆకాశం వంక చూశాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహం మారిపోయి ఉంది.

"సూర్యుడు దాని దారిలోకి వస్తున్నాడు" అన్నాడు.

ఇది మీకు కొంచెం వివరించాలి. చిన్నప్పుడు భూతద్దంతో ఎండ పట్టి కాగితం కాల్చి ఉంటారు. డిష్ కూడా అలాంటిదే, కాకపోతే ఒక ఇల్లంత పెద్దది. అందుకే మామూలుగా కంప్యూటరు డిష్‌ని సూర్యుడి దగ్గరికి పోనివ్వదు. ఆ రోజు డిష్ సూర్యుడికి కొంచెం పడమరగా చూస్తూ ఆగిపోయింది. డిష్ కదలదు, సూర్యుడు ఆగడు. అలాగే వదిలేస్తే మిట్టమధ్యాహ్నం దాటగానే ఎండ సూటిగా డిష్‌లో పడి, పోగై, తరంగాల్ని పెట్టెలోకి మళ్లించే చిన్న అద్దాన్నీ దాని వెనకున్న నా రిసీవర్నీ కాల్చేస్తుంది. విదేశాల నుంచి వచ్చిన సామాను. మళ్లీ తెప్పించి బిగించేసరికి ఎన్నేళ్లు పడుతుందో, అసలు తెప్పిస్తారో లేదో.

"జనరేటర్ ఎంతసేపట్లో అవుతుంది?" అని డ్రైవర్ని అడిగాడు హెడ్. డ్రైవర్ అప్పటికే పైపు కింద వేడి నీళ్ల బాటిళ్లు పెడుతున్నాడు. "చెప్పలేను సాబ్" అన్నాడు.

ఫిట్టరు లేచి తలకి టోపీ పెట్టుకున్నాడు.

"సేత్తో దించీద్దామక్కా" అని నాతో అని, హెడ్‌తో అదే హిందీలో చెప్పాడు.

గేర్ పెట్టెకి ఒక చేతి హ్యాండిల్ ఉంటుంది. రిపేర్లప్పుడు డిష్‌ని వెంట్రుకవాసి జరపడానికి వాడేది. దానితో డిష్‌ని అంత దూరం దించడం ఎవరూ ఎప్పుడూ చేయలేదు. దాన్ని ఎన్ని చుట్లు తిప్పితే డిష్ కొంచెం వంగుతుందో తలుచుకుంటేనే నీరసం వస్తుంది. పైగా ఒకరు బ్రేకు మీట ఎత్తి పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. డిష్ అడుగున ఇనప మెట్లెక్కి, ఇద్దరు పట్టేంత అరుగు మీద నిలబడి చేయాలి.

"నువ్వు వద్దు. అచే ఏటి సెప్పింది?" అన్నాను.

"అచే పడవలు సూడలేదక్కా. మునిగిపోతంటే కూకుని సేసే పనుంటాదేటి?"

హెడ్ అందరికీ చిన్న ఆక్సిజన్ సిలిండర్లు తగిలించాడు. వంతులు పెట్టాడు. ముందు తనే తిప్పాడు. ఆయన వయసుకి ఆయన చాలాసేపే తిప్పాడు. మొహం బూడిద రంగులోకి వచ్చాక ఆపాడు. తర్వాత డ్రైవరు, తర్వాత నేను. నేను తిప్పుతుంటే చేతులు నావి కానట్టు అయిపోయాయి. గుండె చెవుల్లో కొట్టుకుంది. తల ఎత్తి చూస్తే డిష్ కదిలినట్టే లేదు. తర్వాత ఫిట్టరు. అతను పట్టుకున్నాక హ్యాండిల్ వేరేగా తిరిగింది, ఒక లయలో. డ్రైవరు మళ్లీ జనరేటర్ దగ్గరికి పోయాడు. హెడ్ కింద నిలబడి నీడ చూస్తూ మాకు చెబుతున్నాడు. నేను బ్రేకు మీట పట్టుకున్నాను.

అతని ఆక్సిజన్ గొట్టం హ్యాండిల్‌కి చుట్టుకుంది. విడదీశాడు. మళ్లీ చుట్టుకుంది. ఈసారి ముక్కుకున్నది లాగేసి పక్కన పడేశాడు.

"పెట్టుకో!" అని అరిచాను.

"అడ్డొత్తంది. కొంచెమే ఉందక్కా."

"వంతు మార్చు. నానొత్తాను."

"నువ్వొత్తే మీట ఎవడు పట్టుకుంతాడు? సారు ఎక్కలేడు. సూడు ఆయన్ని."

కింద హెడ్ నేల మీద కూర్చుని ఉన్నాడు. అయినా చెయ్యెత్తి ఇంకా, ఇంకా అని సైగ చేస్తున్నాడు.

డిష్ లోపలి అంచు మీద ఎండ పడడం నేను చూశాను. తెల్లటి రేకు మీద ఒక పట్టీలాగా మెరిసింది. కళ్లు చెదిరాయి. ఏదో కాలిన వాసన వచ్చింది. అది నిజమో నా భయమో ఇప్పటికీ తెలియదు. ఫిట్టరు పైకి చూడలేదు. పళ్లు బిగించి తిప్పుతున్నాడు. పెదవుల మధ్యనుంచి ఏదో అంటున్నాడు. వల లాగేటప్పుడు వాళ్ల ఊళ్లో అందరూ కలిసి పలికే కేకలవి. పడవ పడనివాడు ఆ కేకలన్నీ ఎప్పుడు నేర్చుకున్నాడో. ఆ పట్టీ కొంచెం సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆ తర్వాత జారిపోయింది. కింద హెడ్ రెండు చేతులూ ఎత్తాడు.

నేను మీట వదిలేసి అతని భుజం పట్టుకున్నాను. అతను నవ్వాడు. "సూసినావా అక్కా, ఎండకి ఎండ, డిష్‌కి డిష్" అన్నాడు. ఆ మాటకి అర్థం లేదు. ఇద్దరం ఆ అరుగు మీదే కూర్చుని పిచ్చివాళ్లలా నవ్వాం. నవ్వడానికి కూడా ఊపిరి చాల్లేదు.

జనరేటర్ ఇంకా ఎత్తుకోలేదు. హీలియం కంప్రెసరు ఆగిపోయి ఉంది కాబట్టి రిసీవర్ మెల్లగా వెచ్చబడుతోంది. కరెంటు వచ్చిన మరుక్షణం నేనక్కడుండి, పెట్టె లోపలి శూన్యంలోకి గాలి చొరబడకుండా చూస్తూ మళ్లీ చల్లబరచడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పూర్తిగా వెచ్చబడిపోతుంది. అప్పుడు అంతా విప్పి, శుభ్రం చేసి, మొదటినుంచి రావాలి. ఆ లోపు చలికాలం అయిపోతుంది. స్టేషన్లో ఆ పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాతో పనిచేసే అతను సెలవులో ఉన్నాడు.

నేను మీటర్ల ముందు కూర్చున్నాను. ఫిట్టరు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆక్సిజన్ పెట్టుకున్నాడు. అలిసిపోయాడనుకున్నాం. కాసేపటికి దగ్గు మొదలైంది. పొడి దగ్గు కాదు. లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు. రుమాలు తీసి తుడుచుకుంటే దాని మీద గులాబీ రంగు నురుగు. పెదాలు నీలంగా ఉన్నాయి. హెడ్డూ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం అంటే ఏమిటో అక్కడ పనిచేసే ప్రతివాడికీ మొదటిరోజే చెబుతారు. మందు ఒక్కటే, వెంటనే కిందికి దించడం.

"నేను తీసుకెళ్తాను. మీరు రిసీవర్ దగ్గరుండండి" అన్నాడు హెడ్. కానీ లేవబోయి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఇద్దరూ అక్కడ చాలా తక్కువ కాలంలో చాలా ఎక్కువ పని చేశారు.

ఫిట్టరు నా వంక చూస్తున్నాడు గానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు. "ఒడ్డు కనిపిత్తందేటి?" అని అడిగాడు. హెడ్ హిందీలో ఏదో ఊరడింపుగా అన్నాడు. అతనికి అందలేదు. అతనికి ఆ క్షణంలో యారాడ మాట ఒక్కటే మిగిలింది. దానికి జవాబు చెప్పగలిగేది ఆ కొండ మీద నేనొక్కదాన్నే.

"కనిపిత్తందిరా. ఎల్లిపోదాం రా" అన్నాను.

హెడ్ మీటర్ల వంక చూశాడు. ముల్లు కదులుతోంది. ఆ అమ్మాయి గురించి ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. నేనూ ఆలోచించాను. ఆయన నా సంచీ అందించి, "వెళ్లండి. యంత్రాన్ని మళ్లీ చల్లబరచుకుందాం" అన్నాడు.

డ్రైవరు జనరేటర్ వదిలేసి జీపు తీశాడు. క్యాంపుకి వైర్‌లెస్ చెప్పి, పైన హెడ్‌కి తోడుగా ఇంకొకర్ని పంపమన్నాం. పైన ఎవరూ ఒంటరిగా ఉండకూడదన్నది రూలు. వాళ్ల జీపు దారిలో మాకు ఎదురైంది. అచే క్యాంపు దగ్గర రోడ్డు మీదే నిలబడి ఉంది. ఇంజక్షను ఇచ్చి, పెద్ద సిలిండరు ఎక్కించి, తనూ ఎక్కి కూర్చుంది. టౌను ఆసుపత్రి దాకా అతన్ని నిటారుగా కూర్చోబెట్టి నా భుజానికి ఆనించుకున్నాను. ప్రతి మలుపుకీ అడిగేవాడు.

"డిష్ దిగిందేటి అక్కా?"

"దిగింది."

"కాలీసిందేటి?"

"ఏటీ కాల్లేదు. మాటాడకు."

కిందికి దిగేకొద్దీ పెదాల నీలం తగ్గింది. ఆ రంగు తగ్గడం అచే నాకు వేలితో చూపించింది. అప్పుడు ఆవిడ ఏడ్చింది. అంతవరకూ ఆవిడ ఏడవగలదని నాకు తెలియదు.

అతను బతికాడు.

రిసీవర్ పూర్తిగా వెచ్చబడిపోయింది. వెచ్చబడేటప్పుడు ఒక సీలు కూడా పగిలింది. దాని బదులు సీలు సముద్రాలు దాటి వచ్చేసరికి చలికాలం వెళ్లిపోయింది. పరిశోధక విద్యార్థినికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆయన ఎలా ఉన్నారు?" అంది. తర్వాత ఆ అమ్మాయి పరిశోధన వేరే విషయానికి మార్చుకుందని విన్నాను. ఆ గెలాక్సీని తర్వాత ఇంకెవరో చూశారు. నేను చేసినదానికి చింత లేదు. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ ఆ జీపే ఎక్కుతాను. కానీ ఆ అమ్మాయి గొంతు ఆగిపోయిన ఆ కాసేపూ నాతో ఉండిపోయింది. పిల్లలూ, ఉద్యోగంలో సరైన పని చేసినా ఒక్కోసారి ఎవరో ఒకరు నష్టపోతారు. ఆ సంగతి ఏ డిప్లొమాలోనూ చెప్పరు.

టౌనులో డాక్టరు ఫిట్టరుకి మెత్తగానే చెప్పాడు, ఇక జన్మలో కొండెక్కకూడదని. నేను పక్కనే ఉన్నాను. ప్రాణం పోయేటప్పుడు భయపడనివాడు ఆ మాటకి పిల్లాడిలా ఏడ్చాడు.

"ఒకేల జాగర్తగా ఎక్కితే? నెమ్మదిగా? మెల్లమెల్లగా?" అని డాక్టర్ని పదే పదే అడిగాడు.

విమానం ఎక్కించడానికి నేనే వెళ్లాను. క్యాంపులో ఉన్న అతని సామాను సర్ది పంపిస్తానన్నాను.

"జాకెట్టు పంపొద్దక్కా" అన్నాడు.

"ఏల?"

"విశాపట్నంలో జాకెట్టు ఏటి సేసుకుంతాను? ఉండనీ. మేకుకి తగిలించీసుంది కదా. ఉండనీ."

ఉండనిచ్చాను. నేను రిటైరయ్యేదాకా ఆ మేకు మీద ఇంకెవరి బట్టా వేయనివ్వలేదు.

అతను యారాడలో పడవల ఇంజన్లు రిపేరు చేస్తూ స్థిరపడ్డాడు. పెళ్లాం, పిల్లలు, మంచి పేరు, దేనికీ లోటు లేదు. నేను కొండ మీద ఉన్నన్నాళ్లూ వారం వారం ఫోన్ చేసేవాడు. గేర్లకి గ్రీజు వేశారా, కొత్తగా వచ్చిన ఫిట్టరు ఎలా చేస్తున్నాడు, గాలి ఎటునుంచి కొడుతోంది. కొత్త ఫిట్టరు బాగా చేస్తున్నాడని చెబితే సంతోషించేవాడు, ఆ వెంటనే ఏదో పనుందని ఫోన్ పెట్టేసేవాడు. నేను దానికి అలవాటు పడి, "ఏదో సేత్తన్నాడులే" అనడం నేర్చుకున్నాను.

ఆ తర్వాత నేనూ దిగిపోయాను. ఇప్పుడు నాకు బీపీ. మా డాక్టరమ్మ కొండ మాట ఎత్తితేనే కళ్లద్దాలు తీసి చూస్తుంది. మా ఆయన కూడా రిటైరయ్యారు. వేడీ చలీ రెండు డిపార్ట్‌మెంట్లూ ఇంట్లో ఒకే ఫ్యాన్ కింద కూర్చుంటున్నాయి.

మొన్నీమధ్య యారాడ వెళ్లాను. అతని ఇల్లు ఒడ్డుకి దగ్గర. అరుగు మీద కూర్చోబెట్టి అతని భార్య టీ ఇచ్చింది. ముదురు రంగు, కమ్మటి టీ. ఆకు కదలని ఉక్క. ఎదురుగా సముద్రం హోరుమంటోంది. కాసేపు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాక, అతను నెమ్మదిగా అడిగాడు.

"ఫోన్ సెయ్యరాదేటి అక్కా, పైకి?"

"సేసి ఏటి సెప్పను?"

"ఏదో ఒకటి సెప్పు. నువ్వు పెద్దదానివి, నీతో మాటాడతారు."

కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను. ఎత్తింది ఒక అమ్మాయి, నా తర్వాత ఎప్పుడో వచ్చినావిడ. నేను ఫలానా అని చెప్పగానే చాలా మర్యాదగా మాట్లాడింది. కంప్రెసరు ఫిల్టర్ మార్చారా అని అడిగాను. "మేడమ్, ఇప్పుడు కొత్త మెషిన్ వచ్చింది, దానికి ఆ ఫిల్టరు లేదు" అంది. ఫిట్టరు నా మోచెయ్యి తట్టాడు.

"బయటికెల్లమను అక్కా. ఫోన్ పట్టుకుని బయటికెల్లమను."

అడిగాను. ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు. తలుపు తీసిన చప్పుడైంది. నేను స్పీకర్ పెట్టాను. ఏమీ వినబడలేదు. మా చెవుల్లో ఉన్నదంతా మా ఎదురుగా ఉన్న అలల హోరే.

అతను ఫోన్ తీసుకుని గబగబా ఇంట్లోకి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను. వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. సముద్రం వైపు కిటికీ మూశాడు. ఫ్యాను కూడా కట్టేశాడు. భార్య వంటింటి గుమ్మంలోంచి, "ఈ ఉక్కలో ఏటిది?" అంది. "ఉండే" అన్నాడు. ముగ్గురం ఆ చీకటి గదిలో ఫోన్ చుట్టూ నిలబడ్డాం. అందరికీ చెమటలు కారుతున్నాయి. అప్పుడు వినబడింది. సన్నగా, పొడిగా, దేనికీ తగలకుండా చాలా దూరం నుంచి వస్తున్న గాలి.

"మేడమ్, చాలా చలిగా ఉంది, లోపలికి వెళ్లనా?" అంది ఆ అమ్మాయి.

నేను అతని వంక చూశాను. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఇంకొంచెం సేపుండమనక్కా" అన్నాడు.